వెలుగు తగ్గింది సరే, ఎందుకు తగ్గినట్టు?

రాత్రి పదకొండున్నర దాటాక తెర మీద చుక్కలు కిందకి జారడం మొదలుపెట్టాయి. ఒక్కో చుక్క ఒక్కో ఫొటో తాలూకు లెక్క. ఎనిమిదంగుళాల నా టెలిస్కోప్ అరనిమిషానికొక ఫొటో తీస్తుంటే, సాఫ్ట్‌వేర్ ఆ ఫొటోలో ఒక నలుసు చుట్టూ సున్నా చుట్టి, సున్నాలో పడ్డ వెలుగంతా కూడి, పక్కనున్న నక్షత్రాలతో పోల్చి గ్రాఫులో ఒక చుక్క పెడుతోంది. ఆ నలుసు పేరు క్లియోపాత్రా. 216వ నంబరు ఆస్టరాయిడ్, అంటే సూర్యుడి చుట్టూ తిరిగే బండల్లో ఒకటి. పన్నెండుముప్పావుకి దాని వెలుగు మొదట్లో ఉన్నదానిలో సగం కూడా లేదు. రెండు దాటేసరికి మళ్లీ పైకి వచ్చేసింది.

ఫొటోలు తెరిచి చూస్తే మాత్రం ఏమీ లేదు. అన్నిట్లోనూ అదే నలుసు, చుట్టూ ఉన్న నక్షత్రాల్లాంటిదే. రాత్రి గడిచేకొద్దీ కాస్త పక్కకి జరిగింది కాబట్టి నక్షత్రం కాదని తెలుస్తోంది, అంతే. అయినా ఆ కిందకి దిగి పైకెక్కిన గీతను చూస్తూ కూర్చుంటే, ఎక్కడో కోట్ల కిలోమీటర్ల దూరంలో ఒక పొడవాటి బండ తన బారు పక్కను ఒకసారి, సన్నటి కొసను ఒకసారి నా వైపు తిప్పుతోందని ఒళ్లు జలదరించింది.

నిజం చెప్పాలంటే, అంతకు నెల ముందు ఇలాగే ఒళ్లు జలదరించి తర్వాత నాలుక్కరుచుకున్నాను. ఇంకో ఆస్టరాయిడ్ మీద చిన్న గుట్టలాంటిది వచ్చింది గ్రాఫులో. రెండు రోజులు సంబరపడ్డాను. తీరా చూస్తే పోలిక కోసం నేను ఎంచుకున్న నక్షత్రమే వెలుగు మారే రకం. ఆస్టరాయిడ్ వెలుగు ఉన్నచోటే ఉంది, కొలబద్దే సాగుతూ కుంచించుకుపోతూ ఉంది. అప్పటినుంచి కనీసం నాలుగైదు నక్షత్రాలతో పోల్చి, వాటిని వాటితోనే పోల్చుకుని గాని గ్రాఫు జోలికి పోవడం లేదు.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఒక స్నేహితుడి ప్రశ్న. "అంతరిక్ష నౌక పంపి దగ్గర్నుంచి ఫొటో తీస్తే ఒక్క రోజులో తేలిపోయేదానికి, కింద కూర్చుని ఈ తంటాలు ఎందుకు?" అన్నాడు. మంచి ప్రశ్నే. చాలాకాలం నా జవాబు కూడా తప్పుగానే ఉండేది. ఫొటోలు అందానికి, గీతలు నిజానికి అని వాదించేవాణ్ణి. ఇప్పుడు అలా అనను. ఎందుకు అననో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు మన మాట సంగతి. తెలుగులో వీటిని గ్రహశకలాలు అంటున్నాం. శకలం అంటే ముక్క. ముక్క అన్నామంటే, ముందు మొత్తంగా ఒకటి ఉండి అది పగిలిందని ఒప్పుకున్నట్టే. ఇది మనం తెచ్చిపెట్టుకున్న ఊహ కాదు. 1802లో పల్లాస్‌ను కనిపెట్టిన ఓల్బర్స్‌కి సరిగ్గా ఈ ఆలోచనే వచ్చింది: అంతకు ముందు ఏడాది జనవరి 1న పియాజీ పలెర్మోలో చూసిన సెరెస్, తాను చూసిన పల్లాస్, రెండూ పగిలిపోయిన ఒకే గ్రహం ముక్కలు కావచ్చునని. అదే ఏడాది విలియం హెర్షెల్ వీటికి ఆస్టరాయిడ్ అని పేరు పెట్టాడు, నక్షత్రంలాంటిది అని అర్థం. టెలిస్కోప్‌లో చుక్కలా తప్ప కనబడలేదు కాబట్టి ఆ పేరు. ఒక పేరు ఊహ మీద నిలబడింది, ఇంకోటి చేతకానితనం మీద. ఒకటి ముక్కా కాదా అన్నది తేల్చాలంటే ముందు దాని ఆకారం తెలియాలి. నేను చెప్పబోయేదంతా ఆ తేల్చే ప్రయత్నం గురించే.

చుక్కకి ఆకారం ఎలా వస్తుంది? సెరెస్ మనకి బాగా దగ్గరగా వచ్చినప్పుడు కూడా ఆకాశంలో దాని వెడల్పు ఒక ఆర్క్‌సెకండు (డిగ్రీలో 3600వ వంతు) కన్నా తక్కువే. నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో పెట్టిన గోళీకాయ ఎంత కనిపిస్తుందో అంత. అన్నిటికన్నా పెద్దదాని సంగతే ఇది. దానికి తోడు మన గాలి. నక్షత్రాలను మిణుకుమనిపించే ఆ గాలి కదలికే ప్రతి చుక్కనూ దాదాపు అంత వెడల్పుగా పులిమేస్తుంది. హెర్షెల్ కొలిచి సెరెస్ అడ్డకొలత 260 కి.మీ. అన్నాడు. 1890లలో బర్నార్డ్ లిక్ అబ్జర్వేటరీ 36 అంగుళాల టెలిస్కోప్‌తో, కంటితో, మైక్రోమీటర్ తిప్పుతూ కొలిస్తే 780 వచ్చింది. అసలు కొలత 940 దాకా ఉంటుంది. ఆ కాలంలో, కంటితో, అంత దగ్గరికి రావడం మాటలు కాదు. ఆయన వెస్టాకు ఇచ్చిన కొలత మాత్రం 390. నిజానికది 525.

వెలుగును బట్టి సైజు చెప్పేద్దామంటే అదీ కుదరదు. సెరెస్ కన్నా వెస్టా ఎంతో చిన్నది, కానీ ఆకాశంలో వెస్టాయే ఎక్కువ మెరుస్తుంది. వెస్టా తన మీద పడ్డ వెలుగులో 40 శాతం దాకా తిరిగి పంపుతుంది, సెరెస్ 10 శాతం కూడా పంపదు. చిన్న తెల్ల గోడా, పెద్ద నల్ల గోడా దూరం నుంచి ఒకేలా ఉంటాయి. ఇక్కడ పరారుణ కొలతలు ఆదుకున్నాయి: నల్లది ఎండను మింగి ఎక్కువ వేడెక్కుతుంది, ఆ వేడి ఇంకో రకం వెలుగుగా బయటికొస్తుంది. రెండూ కొలిస్తే సైజూ తెలుపూ విడివిడిగా తెలుస్తాయి.

సైజు సంగతి అలా తేలింది గాని, ఆకారం దగ్గర మెలిక పడింది. ఈ వ్యాసం శీర్షిక అదే. వెలుగు తగ్గింది. ఎందుకు తగ్గినట్టు? బండ తన సన్నటి కొసను ఇటు తిప్పిందా, లేక బండ గుండ్రంగానే ఉండి, దాని మీదున్న నల్ల మచ్చ ఇటు తిరిగిందా? ఆకారమా, మచ్చా?

1906లో హెన్రీ నారిస్ రస్సెల్ అనే అమెరికన్ ఖగోళవేత్త దీన్ని గణితంలో పెట్టి చూశాడు. ఆయన తేల్చింది నిరాశ కలిగించేదే: సూర్యుడు సరిగ్గా మన వీపు వెనక ఉన్నప్పుడు తీసిన కొలతలు ఎన్ని పోగేసినా, వాటినుంచి ఆకారాన్ని ఒకే ఒక్క రకంగా తేల్చలేం. మచ్చలను ఇష్టమొచ్చినట్టు సర్దుకుంటే ఏ ఆకారంతోనైనా దాదాపు అదే గీత గీయొచ్చు. ఆ తర్వాత చాలాకాలం జనం దీన్ని ఆఖరి తీర్పు అనుకున్నారు. ఆకారం సంగతి వదిలేసి, ఎన్ని గంటలకొకసారి తిరుగుతోందో చూసుకుంటే చాలనుకున్నారు.

అయితే ఆ గంటల లెక్కలోనూ అదే మెలిక ఉంది. పొడవాటి బండ ఒక చుట్టు తిరిగితే రెండుసార్లు బారుగా, రెండుసార్లు సన్నగా కనిపిస్తుంది. అంటే గీతలో రెండు గుట్టలు, రెండు గుంటలు ఒక చుట్టు కింద లెక్క. నా క్లియోపాత్రా అంతే. ఒక చుట్టుకి 5 గంటల 23 నిమిషాలు, కాబట్టి గుట్ట నుంచి గుంటకి గంటా ఇరవై నిమిషాలు. ఈ పని నేర్చుకునేవాళ్లు మొదట వంటబట్టించుకునే సూత్రం ఇదే: రెండు గుట్టలు ఒక చుట్టు. కానీ గుండ్రటి వస్తువు మీద ఒక పక్క నల్లగా ఉంటే, ఒక చుట్టుకి ఒకటే గుట్ట, ఒకటే గుంట. అక్కడ రెండు గుట్టల సూత్రం వాడితే తిరిగే సమయం నిజానికి రెట్టింపు వస్తుంది.

వెస్టా దగ్గర అదే జరిగింది. ఒక గుట్ట లెక్కన 5.34 గంటలు, రెండు గుట్టల లెక్కన 10.68 గంటలు. ఈ రెండింటి మధ్య దశాబ్దాలపాటు కొట్టుమిట్టాడారు. ఆకాశంలోకెల్లా బాగా మెరిసే ఆస్టరాయిడ్ ఎన్ని గంటలకు తిరుగుతుందో తెలియకపోవడం విడ్డూరంగా అనిపిస్తుంది, కానీ రస్సెల్ చెప్పింది గుర్తుంటే విడ్డూరం కాదు. చివరికి చిక్కు విప్పడంలో 1970లలో జరిగిన పోలరైజేషన్ కొలతలు, అంటే వెలుగు తరంగాలు ఎంతవరకు ఒకే దిశలో ఊగుతున్నాయో చెప్పే కొలతలు, గట్టిగా సాయపడ్డాయి. నల్లటి నేల తిరిగి పంపే వెలుగు తెల్లటి నేల పంపేదానికన్నా ఎక్కువ పోలరైజ్ అవుతుంది. కాబట్టి గుంట వచ్చినప్పుడల్లా పోలరైజేషన్ పెరిగిందంటే, ఆ గుంట మచ్చ వల్లే. కొస ఇటు తిరిగినందువల్లే వెలుగు తగ్గి ఉంటే, నేల అదే నేల కాబట్టి పోలరైజేషన్‌లో తేడా రాకూడదు. వెస్టాలో వచ్చింది. 5.34 గంటలు నిలబడింది.

నాకు ఈ కథ చాలా ఇష్టం. ఫొటో లేదు, నౌక లేదు. అదే వెలుగును ఇంకో రకంగా అడిగితే జవాబు చెప్పింది.

రస్సెల్ తీర్పుకి గట్టి సమాధానం 2001లో వచ్చింది. మిక్కో కాసలైనెన్, యోహన్నా టోర్పా కలిసి ఈ వెలుగు గీతల (లైట్‌కర్వ్‌ల) నుంచి ఆకారాన్ని వెనక్కి రాబట్టే పద్ధతి చూపించారు. కీలకం ఏమిటంటే, రస్సెల్ నిరాశ సూర్యుడు సరిగ్గా మన వెనక ఉన్నప్పటికే వర్తిస్తుంది. కాస్త పక్కనుంచి ఎండ పడితే నీడలొస్తాయి, నీడలు ఆకారాన్ని బయటపెడతాయి. అంగారకుడికీ గురుడికీ మధ్యనున్న ప్రధాన వలయంలోని ఆస్టరాయిడ్లను మనం 20 డిగ్రీల పక్క ఎండలో కూడా చూడగలం. అలా రకరకాల కోణాల్లో, ఏళ్ల తరబడి పోగేసిన గీతలన్నీ ఒకేసారి లెక్కలో పెడితే ఆకారం ఒక కొలిక్కి వస్తుంది. ఈ పనికి నాలాంటివాళ్ల కొలతలూ పనికొస్తాయి, ఎందుకంటే ఇక్కడ పెద్ద అద్దం కన్నా పెద్ద ఓపిక ముఖ్యం. ఇలా వచ్చిన నమూనాలను ప్రాగ్‌లోని ఖగోళవేత్తలు డామిట్ అనే డేటాబేస్‌లో అందరికీ అందుబాటులో ఉంచారు. పొద్దుపోక అందులో ఒక్కో ఆస్టరాయిడ్‌ను తిప్పి చూస్తూ గంటలు గడిపేస్తుంటాను.

దీనికి రెండు లోపాలున్నాయి, దాచకూడదు. ఒకటి, గోతులు కనబడవు. వస్తువును బిగుతుగా గుడ్డలో మూటకట్టారనుకోండి, మూట ఆకారం మాత్రమే మనకి తెలుస్తుంది. మూటలో ఎక్కడైనా బల్లపరుపుగా ఉంటే, లోపల గొయ్యి ఉందేమోనని అనుమానించగలం, అంతకుమించి చెప్పలేం. రెండు, చాలాసార్లు లెక్క ఒక జవాబు కాకుండా రెండు జవాబులిస్తుంది: తిరిగే ఇరుసు ఇటైనా ఉండొచ్చు, అదే వంపుతో 180 డిగ్రీలు అటు తిరిగైనా ఉండొచ్చు. రెండింటికీ గీతలు ఒకేలా సరిపోతాయి.

ఈ రెండో చిక్కును తెంచేది అకల్టేషన్. ఆస్టరాయిడ్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చి కొన్ని సెకన్లు దాన్ని కప్పేస్తుంది. ఎక్కడ నిలబడితే ఎన్ని సెకన్లు మాయమైందో రాసుకుంటే, ఆ సెకన్లు ఆస్టరాయిడ్ మీద గీసిన ఒక అడ్డగీత పొడవు అవుతాయి. వరసగా నిలబడ్డ పదిమంది పది అడ్డగీతలు తెస్తే, నీడ అచ్చం కాగితం మీద దిగుతుంది. 1961 అక్టోబరు 2న పల్లాస్ ఒక నక్షత్రాన్ని కప్పినప్పుడు నైనిటాల్ అబ్జర్వేటరీ ఫొటోఎలక్ట్రిక్ పరికరంతో దాన్ని పట్టుకుంది. ఒక్క చోటు నుంచే, ఒక్క గీతే. 1983 మే 29న అదే పల్లాస్ ఇంకో నక్షత్రాన్ని కప్పితే, అమెరికాలో, మెక్సికోలో దాదాపు 130 చోట్ల నుంచి కొలిచారు. అయిదు వందల కిలోమీటర్ల పైచిలుకు వస్తువు అంచు అంత నిక్కచ్చిగా దొరకడానికి ఏ రాక్షస టెలిస్కోప్ కావాలో ఊహించుకోండి. వాళ్లలో చాలామంది దగ్గరున్నవి పెరట్లో పెట్టుకునే టెలిస్కోప్‌లే. ఈ మధ్య గయా ఉపగ్రహం నక్షత్రాల స్థానాలను వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచి పెట్టాక, నీడ ఎక్కడ పడుతుందో ముందే చెప్పడం చాలా మెరుగుపడింది. అంతకు ముందు నీడ దారి వందల కిలోమీటర్లు పక్కకి పోవడం, చలిలో కూర్చున్నవాళ్లు నక్షత్రం మాయం కాకపోవడాన్ని కొలుచుకుని ఇంటికి పోవడం మామూలే. అదీ కొలతే అనుకోండి. ఇక్కడ ఆస్టరాయిడ్ లేదు అని చెప్పే గీత కూడా అంచును బిగిస్తుంది. కానీ ఆ తెల్లవారుజామున ఆ మాటతో ఎవరికీ ఓదార్పు దొరకదు.

ఇక ఫొటోల దగ్గరికి వద్దాం. నా పాత వాదం బెసికింది ఇక్కడే.

మొదట, అంతరిక్షంలో ఉండి గాలి బెడద లేని హబుల్ టెలిస్కోప్ చూసింది. 1996 మేలో వెస్టా 17.7 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చినప్పుడు తీసిన చిత్రాల్లో ఒక్కో గడి (పిక్సెల్) దాదాపు 40 కి.మీ. అంటే వెస్టా మొత్తం అడ్డంగా పదమూడు గడులు. ఆ మోటు గడుల్లోంచే దక్షిణ ధ్రువం దగ్గర 460 కి.మీ. వెడల్పున్న పెద్ద గొయ్యిని, దాని మధ్య నిలబడ్డ శిఖరాన్ని పట్టుకున్నారు. అప్పటికే ఒక పాత చిక్కు ఉంది. 1970లో మెకార్డ్ బృందం వెస్టా స్పెక్ట్రం, అంటే దాని వెలుగును రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీ, ఒక రకం ఉల్కల స్పెక్ట్రంతో సరిపోతోందని చూపించింది. ఆ ఉల్కలు నిజంగా వెస్టావే అయితే, అంత రాయి ఎక్కడ ఊడింది? 1996లో చోటు దొరికింది.

2011లో డాన్ నౌక వెస్టా చేరి చూస్తే గొయ్యి నిజమే. రేయాసిల్వియా అని పేరు పెట్టారు, వెడల్పు దాదాపు 500 కి.మీ. కానీ దాని కింద సగం చెరిగిపోయిన ఇంకో పాత గొయ్యి కూడా ఉంది, వెనెనేయా, 400 కి.మీ. పదమూడు గడుల్లో అది ఎవరికీ కనబడలేదు. టెలిస్కోప్ పరువు నిలిచింది, హద్దు కూడా తెలిసింది. నా స్నేహితుడికి నేను చెప్పాల్సిన జవాబు ఇక్కడుంది. డాన్ వెళ్లినందువల్ల టెలిస్కోప్‌ల పని అయిపోలేదు. మనం కింద కూర్చుని రాసిన జవాబుల్లో ఏది ఎంతవరకు నమ్మాలో డాన్ వల్ల తెలిసింది. పరీక్షలో ఒకటో రెండో లెక్కలకి పుస్తకం వెనక జవాబులుంటాయి చూడండి, అలాగన్నమాట. నూరు కి.మీ. దాటిన ఆస్టరాయిడ్లు రెండు వందలకు పైగా ఉన్నాయి. ఆ సైజు వాటిలో నౌకలు దగ్గర్నుంచి చూసినవి వేళ్ల మీద లెక్కే: వెస్టా, సెరెస్, ఆ హద్దు మీద లుటేషియా. 2023లో బయల్దేరిన సైకీ నౌక తన పేరే ఉన్న ఆస్టరాయిడ్‌ను చేరేది 2029లో. మిగతావాటిలో చాలావాటికి పుస్తకం వెనక జవాబు మన జీవితకాలంలో రాకపోవచ్చు.

లుటేషియా విషయంలో ఈ పరీక్ష ఇంకా నికార్సుగా జరిగింది. 2010 జూలై 10న రొసెట్టా నౌక దాని పక్కనుంచి పోకముందే, లైట్‌కర్వ్‌లనూ భూమి మీది పెద్ద టెలిస్కోప్‌ల చిత్రాలనూ కలిపి ఒక నమూనా కట్టి పెట్టుకున్నారు. నౌక పోయాక పోల్చి చూస్తే అడ్డకొలత 2 శాతం లోపు, ఇరుసు దిశ 2 డిగ్రీల లోపు, ఘనపరిమాణం 10 శాతం లోపు సరిపోయాయి. గమనించండి, అది ఒట్టి ఫొటో గెలుపూ కాదు, ఒట్టి గీత గెలుపూ కాదు.

పెద్ద టెలిస్కోప్‌ల చిత్రాలన్నాను కదా, అది అడాప్టివ్ ఆప్టిక్స్ చలవ. గాలి వెలుగును ఎలా వంకర తిప్పుతోందో సెకనుకి వందల సార్లు కొలిచి, సరిగ్గా దానికి ఎదురు వంకరగా ఒక పల్చటి అద్దాన్ని వంచుతూ పోతారు. చిలీలోని వీఎల్‌టీ (వెరీ లార్జ్ టెలిస్కోప్) 8.2 మీటర్ల టెలిస్కోప్‌కి తగిలించిన స్ఫియర్ అనే పరికరాన్ని నిజానికి ఇతర నక్షత్రాల గ్రహాలను ఫొటో తీయడానికి కట్టారు. పియెర్ వెర్నాజా బృందం దాన్ని ఆస్టరాయిడ్ల మీదికి తిప్పి 42 పెద్దవాటిని చూసింది, ఫలితాలన్నీ కలిపి 2021లో ప్రకటించింది. అది విడదీయగల అతి చిన్న కోణం ఆర్క్‌సెకండులో 50వ వంతు. వెస్టా దగ్గర అది 20 కి.మీ. కన్నా తక్కువ.

ఆ బృందంలోని వాళ్లే మంచి పని చేశారు. ముందుగా వెస్టానే చూసి, డాన్ ఇచ్చిన నిజమైన వెస్టాతో పక్కపక్కన పెట్టుకున్నారు. 30 కి.మీ. స్థాయి గోతుల వరకు గుర్తుపట్టగలిగారు. అదే పోలికలో ఒక దొంగ కూడా దొరికాడు. చిత్రంలో మిగిలిన మసకను లెక్కతో తుడిచే పనిని డీకన్వల్యూషన్ అంటారు. మసక ఎంతుందో సరిగ్గా తెలియక కాస్త ఎక్కువ తుడిచారో, ఆస్టరాయిడ్ అంచు చుట్టూ లేని తెల్లటి వెలుగు పట్టీ పుట్టుకొస్తుంది. చూడ్డానికి చిత్రం ఇంకా పదునుగా, ఇంకా నమ్మబుద్ధేసేలా ఉంటుంది! నాకు ఫొటోల మీదున్న పాత అనుమానానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు. ఇప్పటికీ ఎవరైనా కొత్త ఆస్టరాయిడ్ చిత్రం పంపితే, నా చూపు మొదట అంచు మీదికే పోతుంది.

అలాంటి నన్ను హైజియా ఓడించింది.

హైజియా నాలుగో పెద్ద ఆస్టరాయిడ్, 430 కి.మీ. దాని వెలుగు గీతలను మావాళ్లు ఏళ్లకేళ్లు కొలిచి, 27.6 గంటలకొక చుట్టు అని తేల్చారు. పుస్తకాల్లో అదే ఉండేది. నేనూ అదే నమ్మాను. స్ఫియర్ చిత్రాలు వరసగా పెట్టి చూస్తే 13.8 గంటలకే అదే ముఖం తిరిగొచ్చింది. సరిగ్గా సగం. వెస్టా దగ్గర ఒకసారి ఎదురుదెబ్బ తిని కూడా, హైజియా దగ్గర మళ్లీ రెండు గుట్టల సూత్రానికే బోర్లాపడ్డాం. గీతలు కొలిచినవాళ్లను తిట్టలేం. ఒక చోట కూర్చున్నవాడికి రాత్రికి ఎనిమిది తొమ్మిది గంటలకు మించి ఆకాశం దొరకదు. పద్నాలుగు గంటల చుట్టును ఒక్క రాత్రిలో పూర్తిగా చూసే అవకాశమే లేదు. ఈ రాత్రి ముక్క, రేపు రాత్రి ముక్క, వచ్చే వారం ముక్క అతికి గీత గీయాలి. అతుకు ఎక్కడ పడుతుందన్నది మనం ముందే అనుకున్న సమయాన్ని బట్టి ఉంటుంది. వెలుగు మార్పు కూడా స్వల్పం. అలాంటిచోట ఒక అంకె ముందుగా మనసులో పడితే, ముక్కలు దానికే అతుక్కుంటాయి. గీత అబద్ధం చెప్పదని నేను అంటుండేవాణ్ణి. గీత చెప్పదు, అతికినవాడు చెప్తాడు, అది కూడా తెలియకుండా.

అసలు దెబ్బ అది కాదు. హైజియా దాదాపు గుండ్రంగా ఉంది. ఇది ఎవరూ అనుకోనిది. ఎందుకంటే హైజియాకు వేల సంఖ్యలో పిల్ల ఆస్టరాయిడ్ల కుటుంబం ఉంది. దాదాపు 200 కోట్ల ఏళ్ల కిందట ఏదో వచ్చి గుద్దుకుంటే ఊడిన ముక్కలవి. అంత దెబ్బ తిన్నది కాబట్టి వెస్టా మీదున్నట్టు పెద్ద గొయ్యి కనబడాలని ఎదురుచూశారు. 95 శాతం నేల చూశారు. అలాంటి గొయ్యి లేదు. కంప్యూటర్లో గుద్దించి చూస్తే తేలింది ఏమిటంటే, ఆ దెబ్బకి తల్లి మొత్తం పొడిపొడి అయిపోయింది, ఆ పొడి తన బరువుకి తానే మళ్లీ పోగుపడి గుండ్రంగా సర్దుకుంది. ఇప్పుడు మన మాట దగ్గరికి తిరిగి రండి. హైజియా శకలమా? పగిలిన మాట నిజం. కానీ ముక్కలా లేదు, ముద్దలా ఉంది. ఓల్బర్స్‌ను పిలిచి చూపిస్తే ఏమనేవాడో.

ఈ సంగతి ఏ లైట్‌కర్వ్ చెప్పేది కాదు. గుండ్రటి వస్తువు దగ్గర గీత దాదాపు మూగబోతుంది, మచ్చల గురించి గొణుగుతుంది అంతే. నా క్లియోపాత్రా లాంటి పొడవాటివాటి దగ్గర గొంతెత్తి మాట్లాడుతుంది. అప్పుడుగాని నాకు తట్టలేదు, నేను ఇన్నాళ్లూ గీతలను మెచ్చుకున్నది, గీతలకు బాగా వచ్చిన పాఠాలు మాత్రమే అడిగి.

అలాగని ఫొటో పక్షంలోకి దూకేశానా అంటే, లేదు. దానికీ క్లియోపాత్రాయే కారణం. 2000లో పోర్టోరికోలోని అరెసిబో రాడార్ చిత్రాలు వచ్చాయి. రెండు కొసల ఉబ్బెత్తు, మధ్యలో సన్నటి నడుము, కుక్క నమిలే బొమికలా ఉంది. పొడవు 217 కి.మీ. అన్నారు. ప్రపంచమంతా ఆ బొమికను ముద్రించుకుంది. తర్వాత స్ఫియర్ చిత్రాలు, గీతలు, అకల్టేషన్‌లు అన్నీ కలిపి లెక్కేస్తే 2021కి పొడవు దాదాపు 270 కి.మీ. అయింది. బొమిక బొమికే, కానీ యాభై కిలోమీటర్లు పొట్టిగా కొలిచారన్నమాట. 2008లో కనిపెట్టిన దాని రెండు బుల్లి చందమామల దారులను తిరిగి లెక్కగడితే బరువు కూడా అంతకు ముందు అనుకున్నదానికన్నా 35 శాతం తక్కువని తేలింది. లోహపు ముద్ద అనుకున్నదాని సాంద్రత ఇనుములో సగం కన్నా తక్కువకి వచ్చింది. అంటే లోపల బోలెడు ఖాళీ, రాళ్లూ లోహమూ కుప్పగా పోసినట్టు.

ఆకారం కోసం ఇంత పట్టుబట్టడం ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. అడ్డకొలతలో 10 శాతం పొరపాటు జరిగితే ఘనపరిమాణంలో 30 శాతం పైన తేడా వస్తుంది. సాంద్రత అంతా తారుమారు. సాంద్రత పోతే, అది ఇనుమా, రాయా, మంచుగడ్డా అన్న మాటే చెప్పలేం. స్ఫియర్ చూసిన ఆ 42లో లాంబెర్టా, సిల్వియా నీటికన్నా కాస్త మాత్రమే బరువు, ఘన సెంటీమీటరుకి 1.3 గ్రాములు. సైకీ 3.9, కాలియోపే 4.4. ఒకే వలయంలో తిరిగే వస్తువులివి. ఒకే చోట పుట్టినవాటికి ఇంత తేడా ఉండదని, కొన్ని ఎక్కడో దూరాన, నెప్ట్యూన్ అవతల పుట్టి ఇటు వచ్చి ఉంటాయని వెర్నాజా బృందం అంటోంది. నాకు ఆ వాదన నచ్చింది. కానీ దాని బలమంతా ఆకారాల మీదే నిలబడిందని మర్చిపోకూడదు.

స్నేహితుడికి ఇదంతా చెప్పాను, ఇంత పొడుగ్గా కాదులెండి. "అయితే ఏది నమ్మాలంటావు?" అన్నాడు. ఒకరు చెప్పింది ఇంకొకరు వేరే దారిలో వచ్చి చెప్తే నమ్ముతాను అన్నాను. గీత నుంచి కట్టిన ఆకారం అకల్టేషన్ నీడలో ఇమిడితే నమ్ముతాను. ఫొటోలో గొయ్యి నాలుగు గంటల తర్వాత తీసిన ఫొటోలో వస్తువుతోపాటు పక్కకి జరిగితే నమ్ముతాను. జరక్కుండా అక్కడే ఉంటే అది టెలిస్కోప్ గొయ్యి. చిలీలోనే కడుతున్న 39 మీటర్ల అద్దం టెలిస్కోప్ ఈఎల్‌టీ వచ్చాక ఇప్పుడు చుక్కల్లా ఉన్న ఎన్నో ఆస్టరాయిడ్లకు ముఖాలొస్తాయి. అప్పుడు నాలాంటివాడి గీతలు ఎవరికి కావాలని వాడు ఆటపట్టించాడు. ఆ టెలిస్కోప్ ఒక ఆస్టరాయిడ్‌కి నాలుగు రాత్రులు ఇస్తే గొప్ప. నేను నలభై ఇవ్వగలను.

ఈ మధ్య నేను కొలుస్తున్నది ఇంకోటి, పేరు తేలాక చెప్తాను. నెమ్మదిగా తిరుగుతుంది, వెలుగు మార్పు పదో వంతు కూడా లేదు. పదకొండు రాత్రుల ముక్కలు పోగయ్యాయి. ఆ ముక్కలను ఒకదాని మీద ఒకటి పడేలా, చుట్టుకి రెండు గుట్టలుగా మడిస్తే ఒక గుట్ట రెండోదానికన్నా కాస్త పొట్టిగా వస్తోంది, ఆ తేడా నిజమో నా కెమెరా గరుకో తెలియడం లేదు. ఒక గుట్టగా మడిచినా బాగానే కూర్చుంటోంది. నోటుబుక్కులో రెండు సమయాలూ రాసి, ఒకదాని పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టాను. మొన్నటి రాత్రి కొలతలు చేర్చాక దాన్ని చెరిపి రెండోదాని పక్కన పెట్టాను. కాగితం ఆ చోట పల్చబడింది.